‘మాఫ్ జెయ్యి’ అంటే చేసెయ్యాల్నా?

సందేహాలు - సమాధానాలు

దసరా దాటి పది రోజులైతే చాలు, ఈ శీర్షికకు వచ్చే ఉత్తరాల తీరు మారిపోతుంది. మిగతా ఏడాదంతా పిల్లల చదువులు, అత్తాకోడళ్ళ గొడవలు, నిద్ర పట్టకపోవడాలు. దసరా తర్వాత మాత్రం అన్నీ ‘మాఫీ’ ఉత్తరాలే. కారణం మీకు తెలిసిందే. పాలపిట్టను చూసి, జమ్మి ఆకు చేతిలో పెట్టి ‘బంగారం’ అని అలయ్ బలయ్ తీసుకునే ఆ సాయంత్రం మాటల్లేని వాళ్ళు కూడా ఎదురుపడతారు. కౌగిలించుకోకపోతే ఊరు చూస్తుంది. కౌగిలించుకుందామంటే మనసు ఒప్పదు. ఆ ఇరకాటమే తర్వాత ఉత్తరమై నా దగ్గరికి వస్తుంది.

మానేరు ఒడ్డున మా ఊళ్ళో మా నాయిన, ఆయన పాలోడు ఇరవై ఏళ్ళపాటు ప్రతి దసరాకు అలయ్ బలయ్ తీసుకున్నారు. మిగతా రోజుల్లో ఒక్క మాట లేదు. చిన్నప్పుడు నాకది వట్టి నాటకంలా కనిపించేది. ఇప్పుడట్లా అనుకోను. ఆ ఒక్క రోజు ఉండబట్టే వాళ్ళ గట్టు తగాదా కట్టెలు పట్టుకునే దాకా పోలేదు.

ఈసారి ఐదు ఉత్తరాలు తీసుకుంటున్నాను. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: మేడమ్, నమస్తే. నేను పద్నాలుగేండ్లు దుబాయిల, మస్కట్ల పనిజేసిన. పంపిన పైసలన్నీ తమ్ముని ఖాతాలకే. ఆయన రెండెకరాలు కొన్నడు, పట్టా తన పేరు మీదనే చేసుకున్నడు. వాపసొచ్చి అడిగితె ‘ఖర్సులకే సరిపోయినయి’ అన్నడు. రెండేండ్ల సంది మాటల్లేవు. మొన్న దసరకు జమ్మి పట్టుకొని ఇంటికొచ్చి, నా రెండు చేతులు వట్టుకొని ‘అన్నా, తప్పైంది, కడుపుల పెట్టుకో’ అని ఏడ్చిండు. భూమి ముచ్చట మాత్రం తీయలే. అమ్మకు పాణం బాగుంటలేదు. ‘నేను పోకముందే మీరిద్దరు కలువుర్రి’ అంటున్నది. మాఫ్ జెయ్యకపోతే నేను చెడ్డోన్నా?
- ఒక అన్న, జగిత్యాల జిల్లా

జవాబు: కాదు. ముందు ఆ భయం వదిలెయ్యండి.

మన ఇళ్ళల్లో ‘క్షమించు’ అని ఎవరూ అనరు. ఆ మాట బడి పుస్తకాల్లో ఉంటుంది, లేకపోతే గల్ఫ్ వార్తల్లో ‘క్షమాభిక్ష’ అని కనబడుతుంది. 2024 సెప్టెంబర్ నుంచి డిసెంబర్ దాకా యూఏఈ ఇచ్చిన ఆమ్నెస్టీ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. కాగితాలు లేక కల్లివెల్లిగా బతికేవాళ్ళు జరిమానా కట్టకుండా ఇల్లు చేరే వీలు అది. ఇంట్లో మనం అనేవి వేరే మాటలు. ఒకటి ‘మనసుల పెట్టుకోకు’. ఇంకొకటి ‘కడుపుల పెట్టుకో’. రెండూ ఒకటేననుకుంటాం గాని కాదు. మొదటిది కోపాన్ని దించెయ్యమంటుంది. రెండోది బరువును మొయ్యమంటుంది. జరిగిన నష్టాన్ని తల్లిలాగా నీలోనే దాచుకో, బయటికి తీయకు అని దాని అర్థం. మీ తమ్ముడు అడిగింది ఈ రెండోదాన్ని. పద్నాలుగేళ్ళ కష్టం బరువు మీ కడుపులోకి, రెండెకరాల పట్టా ఆయన బీరువాలోకి. ఆయన కన్నీళ్ళు అబద్ధమని నేను అనను. కన్నీళ్ళు నిజమే అయినా లెక్క లెక్కే.

పాత పంచాయితీల్లో ‘తప్పు’ అంటే నేరమూ అదే, దానికి కట్టే దండుగా అదే. ‘తప్పు కట్టిండు’ అంటే ఇచ్చుకోవాల్సింది ఇచ్చుకున్నాడని. మీ తమ్ముడు తప్పు ఒప్పుకున్నాడు, ఇంకా కట్టలేదు.

సిరిసిల్ల వాళ్ళ సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. 2005లో దుబాయిలో నేపాల్‌కు చెందిన ఒక వాచ్‌మన్ హత్య కేసులో అటువైపు నుంచి పోయిన ఐదుగురికి పాతికేళ్ళ శిక్ష పడింది. సిరిసిల్ల ఎమ్మెల్యేగా ఉన్న కేటీఆర్ నేపాల్ దాకా పోయి, చనిపోయినతని కుటుంబానికి 15 లక్షల రూపాయలు ఇచ్చి, క్షమిస్తున్నట్టు సంతకం తీసుకొచ్చారు. గల్ఫ్‌లో ఆ సొమ్మును దియా అంటారు. సంతకం అయిన తర్వాత కూడా ఏళ్ళ తరబడి వాళ్ళు జైల్లోనే ఉన్నారు. పద్దెనిమిదేళ్ళు గడిచాక, 2024 ఫిబ్రవరికి ఊరి మొహం చూశారు. ఈ కథను మనం ఎప్పుడూ మన వాళ్ళ వైపు నుంచే చెప్పుకున్నాం. ఒకసారి ఆ నేపాలీ ఇంటి వైపు నుంచి చూడండి. మనిషి పోయిన ఇంటికి పరాయి దేశం నుంచి ఒకరు వచ్చి సంతకం పెట్టమన్నారు. వాళ్ళ కోపం పోయిందా అని ఆ కాగితం అడగలేదు, అడగాల్సిన పనీ లేదు. శిక్ష తగ్గించమనడానికి వాళ్ళు ఒప్పుకున్నారు, వాళ్ళకు రావాల్సిన పరిహారం వాళ్ళు తీసుకున్నారు. అంత పెద్ద నేరంలోనే మాఫీ పక్కన పరిహారం కూర్చుంది. అన్నదమ్ముల మధ్య రెండెకరాల లెక్క అడిగితే మీరెట్లా చెడ్డవారవుతారు?

ఇక చెయ్యాల్సిన పని. పంపిన పైసల రశీదులు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, తమ్ముడితో నడిచిన వాట్సాప్ మాటలు అన్నీ ఒకచోట పెట్టండి. వెంటనే వకీలును కలవండి. ‘వెంటనే’ అని ఊరికే అనడం లేదు. డబ్బు రాబట్టే దావాలకు మామూలుగా మూడేళ్ళ గడువే ఉంటుంది. ఆ గడువు ఏ రోజు నుంచి లెక్కకొస్తుందో మీ కాగితాలు చూసి వకీలే చెప్పాలి. మీ పైసలతో ఆయన పేరు మీద కొన్న భూమి అంటున్నారు గనక బినామీ చట్టం అడ్డు వస్తుందా రాదా అన్నదీ అడగండి. మాఫ్ చెయ్యాలా వద్దా అని ఆలోచిస్తూ కూర్చుంటే గడువు దాటిపోయినవాళ్ళను నేను చూశాను. తర్వాత వాళ్ళకు తమ్ముడి మీద ఉన్న కోపం కంటే తమ మీద కోపం ఎక్కువైంది.

కోర్టు మెట్లు ఎక్కడం ఇష్టం లేకపోతే లోక్ అదాలత్ ఉంది. అక్కడ ఇద్దరూ ఒప్పుకొని రాసుకున్నది సివిల్ కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. ఊరి పెద్దమనుషుల ముందు తెల్లకాగితం మీద రాసుకున్నదానికి ఆ బలం ఉండదు.

కోపం సంగతి చివర చెబుతాను, ఎందుకంటే అది చివరనే తగ్గుతుంది. ఎవరెట్ వర్తింగ్టన్ అని అమెరికాలో ఒక మనస్తత్వ శాస్త్రవేత్త. క్షమ మీదే పరిశోధన చేస్తున్న మనిషి. 1996 కొత్త సంవత్సరం నాడు ఆయన తల్లిని ఇంట్లో చొరబడ్డ దొంగ చంపేశాడు. చదివిన చదువంతా ఆ రోజు అక్కరకు రాలేదని, దొంగను చేతికందినదానితో కొట్టి చంపాలనిపించిందని ఆయనే చెప్పుకున్నాడు. ఆయన క్షమను రెండుగా విడదీస్తాడు. పగ తీర్చుకోనని నిర్ణయం చేసుకోవడం ఒకటి, మనసు చల్లబడటం ఒకటి. మొదటిది ఈ రోజు మీ చేతిలో ఉంది. రెండోది మీ చేతిలో లేదు, దానికి తారీఖు పెట్టకండి. అమ్మతో ఇట్లా చెప్పండి: ‘అమ్మా, తమ్ముని మీద పగ పట్ట. వాని బిడ్డ పెండ్లికి పోత, నువ్వు పిలిస్తే ఒకే మంచం మీద కూసుంట. భూమి లెక్క మాత్రం వేరే, అది మేమిద్దరం తేల్చుకుంటం.’ ఇంతకంటే ఎక్కువ మాట అమ్మకు ఇవ్వకండి. రేపు నిలబెట్టుకోలేకపోతే ఆ బాధ కూడా మీకే.

ప్రశ్న: మా ఆయన తాగి కొడతడు. మూడుసార్లు పెద్దమనుషుల పంచాయితీ అయింది. మూడుసార్లూ అందరి ముందు నా కాళ్ళు మొక్కి, కాగితం రాసిచ్చిండు. రెండోసారి ఐదువేలు దండుగ వేసిన్రు. మళ్ళా కొట్టిండు. ఇప్పుడు నాలుగోసారి కూసుంటరట. ‘ఆడది భూదేవి లెక్క ఓపిక పట్టాలె’ అంటున్నది మా అత్త. నాకు మాఫ్ చేసుడు చాతనైతలేదు. నాదే తప్పా?
- నిర్మల్ జిల్లా

జవాబు: ఆ ఐదువేలు ఎవరి జేబులో పడ్డాయి? మీ చేతికి వచ్చాయా? రాకపోతే ఆ పంచాయితీ మీ కోసం కూర్చోలేదు.

మీ అత్తగారు భూదేవి పేరెత్తారు గనక చెబుతాను. సంస్కృతంలో ‘క్షమ’ అంటే భూమి అని కూడా అర్థం ఉంది, నిజమే. కానీ మహాభారతంలో అడవికి పోయాక ద్రౌపది ధర్మరాజుతో వాదనకు దిగుతుంది. ప్రహ్లాదుడు తన మనవడు బలికి చెప్పిన మాటలను ఎత్తి చూపుతుంది. ఎప్పుడూ కోపం పనికిరాదు, ఎప్పుడూ క్షమా పనికిరాదు, అన్నీ ఓర్చుకునేవాణ్ణి ఇంట్లో నౌకర్లు కూడా లెక్కచెయ్యరు అని దాని సారం. ధర్మరాజు క్షమను ఎంతో పొగుడుతాడు. ఆమె మాత్రం తన మాట మీద నుంచి దిగదు. మన పురాణ కాలక్షేపాల్లో ఆయన జవాబే వినిపిస్తారు, ఆమె ప్రశ్న వినిపించరు.

అయిపోయిన దాన్ని క్షమిస్తారు. మీ ఇంట్లో ఇది ఇంకా అయిపోలేదు. నాలుగో పంచాయితీకి పోకండి. జిల్లాలో ‘సఖి’ కేంద్రం ఉంది, 181కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. 2005 నాటి గృహహింస చట్టం కింద మిమ్మల్ని కొట్టకుండా, ఇంట్లో నుంచి వెళ్ళగొట్టకుండా మేజిస్ట్రేట్ ఆర్డరు ఇవ్వగలరు. న్యాయసేవాధికార సంస్థ వకీలును ఉచితంగా పెడుతుంది. ఆడవాళ్ళకు దీనికి ఆదాయ పరిమితి లేదు. ఆయన తాగుడు మానడానికి వైద్యం చేయించుకుంటాడా, అది ఆయన పని. అక్కడ కూడా మీరే వెంట ఉండి తీసుకుపోవాలని ఎవరైనా అంటే వినకండి.

మాఫ్ చెయ్యడం చాతకావడం లేదన్నారు. చాతకాకపోవడం మంచిదే. ఆ కోపమే మిమ్మల్ని ఈ ఉత్తరం రాసే దాకా తెచ్చింది.

ప్రశ్న: డిగ్రీ సెకండ్ ఇయర్. నా ఫ్రెండ్ మా ఇద్దరి చాట్ స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టింది. తర్వాత వాట్సాప్ స్టేటస్‌లో ‘సారీ’ అని పెట్టి నన్ను ట్యాగ్ చేసింది. అందరూ ‘పోనియ్యవే’ అంటున్నారు.
- కరీంనగర్

జవాబు: ఆ స్టేటస్ చూసేవాళ్ళ కోసం పెట్టింది, బిడ్డా. నీకైతే నీ ఇంటికొచ్చి చెప్పేది. వస్తే విను. రాకపోతే పోనియ్యి, కానీ నీ ముచ్చట్లు మళ్ళీ ఆ అమ్మాయికి చెప్పకు. మాఫ్ చెయ్యడానికీ మళ్ళీ నమ్మడానికీ సంబంధం లేదు.

ప్రశ్న: నేను రిటైరైన ఉపాధ్యాయుణ్ణి. 1980లలో ఒక పల్లె బడిలో ఏడో తరగతి పిల్లవాణ్ణి, హోంవర్క్ చెయ్యలేదని, అందరి ముందు బట్టలు విప్పించి కొట్టాను. మర్నాటి నుంచి అతను బడికి రాలేదు. మొన్న పెళ్ళిలో కనిపించాడు. వడ్డిస్తున్నాడు, క్యాటరింగ్ వాళ్ళతో వచ్చాడు. నన్ను గుర్తుపట్టి ‘సార్, అన్నం పెట్టన్నా’ అన్నాడు. ఆ పూట నేను తినలేకపోయాను. ఇన్నేళ్ళకు పోయి అడగడం అతనికి మేలా, నాకు మేలా?
- పెద్దపల్లి జిల్లా

జవాబు: సార్, ఈ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాను. అప్పట్లో అందరూ కొట్టేవారన్న మాట మీరు ఎక్కడా రాయలేదు. అందుకే జవాబు దాచకుండా చెబుతున్నాను. ముందు మీకే మేలు. అతనికి మేలు అవుతుందా కాదా అన్నది మీరు ఎట్లా పోతారన్న దాని మీద ఉంటుంది.

మన వైపు పాపం కడుక్కోవడానికి వేములవాడ పోతాం. తెలియక ముని కుమారుని ప్రాణం తీసిన రాజరాజ నరేంద్రుడు అక్కడి ధర్మగుండంలో మునిగి బాగుపడ్డాడని స్థలపురాణం. మీరూ కోడెను కట్టి వచ్చి ఉంటారు. కానీ గుండంలో మునిగితే మీ బాధ తగ్గుతుంది గాని, ఆ పిల్లవాడికి ఆ రోజు పోయిన మర్యాద తిరిగి రాదు.

గంగాధర మండలం కురిక్యాల దగ్గర బొమ్మలగుట్ట ఉంది, చూశారో లేదో. కొండరాతి మీద జైన తీర్థంకరులు, చక్రేశ్వరి, కింద పదో శతాబ్దపు శాసనం. పంప కవి తమ్ముడు జినవల్లభుడు వేయించింది. తెలుగు కంద పద్యాల తొలి ఆనవాళ్ళు అందులో ఉన్నాయని మీలాంటి మాస్టార్లే మాకు చెప్పేవారు. ఆ జైనుల్లో ఏడాదికోసారి పర్యూషణం ముగిసేటప్పుడు ఒకరికొకరు ‘మిచ్ఛామి దుక్కడం’ అని చెప్పుకునే ఆచారం ఈనాటికీ ఉంది. ‘నేను చేసిన చెడు వమ్మైపోవాలి’ అని దాని భావం. ‘నన్ను క్షమించు’ అన్న మాట అందులో లేదు. ఎదుటివారు జవాబు చెప్పాలన్న ఒత్తిడీ లేదు. మీరు పోతే అట్లా పొండి. పెళ్ళి పందిట్లో కాదు, నలుగురి ముందు కాదు. అతను పనిలో ఉన్నప్పుడు అసలే కాదు. ముందు ఒకరితో కబురు పెట్టండి, రమ్మంటేనే వెళ్ళండి. ఆ రోజు ఏం జరిగిందో మీ నోటితో పూర్తిగా చెప్పండి, ‘ఏదో కోపంలో’ అని తగ్గించకండి. 2009 విద్యాహక్కు చట్టం పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది గాని, ఆ రోజు చట్టం లేదు కదా అన్న ఆలోచనే మీ మాటల్లోకి రానివ్వకండి. చెప్పి, లేచి రండి. అతను ‘పాత ముచ్చట, ఇడిసిపెట్టున్రి సార్’ అంటే అది మర్యాద కోసం అన్న మాట కూడా కావచ్చు, దాన్ని రశీదులా జేబులో పెట్టుకోకండి. అతని పిల్లలో మనవలో చదువుకుంటూ ఉంటే, మీరు చెయ్యగలిగిన సాయం ఉంటే, అది ఇంకొక రోజు, ఇంకొక మాటగా అడగండి. మొదటి రోజే డబ్బు తీస్తే కొనడానికి వచ్చినట్టుంటుంది.

పైన చెప్పిన వర్తింగ్టన్‌కు తల్లిని చంపినవాణ్ణి క్షమించడం కంటే, కొన్నేళ్ళ తర్వాత ఆత్మహత్య చేసుకున్న సొంత తమ్ముడికి తాను అండగా లేనన్న విషయంలో తనను తాను క్షమించుకోవడమే కష్టమైంది. దాని మీద వేరే పుస్తకమే రాశాడు. కాబట్టి మీకు వెంటనే నిద్ర పట్టకపోతే ఆశ్చర్యపోకండి. మరీ నలుగుతుంటే 14416 టెలీ మానస్‌కు ఫోన్ చెయ్యండి, తెలుగులోనే మాట్లాడతారు.

ప్రశ్న: మాది ఉట్నూరు దిక్కు గోండు గూడెం. ఇంద్రవెల్లిల మా తాతకు కాల్ల తూట తాకింది. ఇప్పటికీ కుంటుతడు, ఎనభైకి దగ్గర. ఇన్నేండ్లాయె, స్తూపం కాడికి మంత్రులొస్తున్నరు, ఇంక పాతయి మరిచిపోవాలె, ముందటికి చూడాలె అని మా కాలేజీల సార్ అన్నడు. సర్కారును మాఫ్ చెయ్యాల్నా? తాతనడిగితే ఏం మాట్లాడడు.
- ఆదిలాబాద్ జిల్లా

జవాబు: బిడ్డా, మాఫ్ చెయ్యమని గాని వద్దని గాని చెప్పే హక్కు నాకు లేదు. మీ సార్‌కూ లేదు. నీకు కూడా సగమే ఉంది. తూటా మీ తాతకు తాకింది.

నాకు తెలిసింది మాత్రం చెబుతాను. 1981 ఏప్రిల్ 20, సోమవారం, సంత రోజు. భూముల కోసం గిరిజన రైతు కూలీ సంఘం సభ పెట్టుకుంది, అనుమతి లేదన్నారు. సంతకు వచ్చినవాళ్ళు, సభకు వచ్చినవాళ్ళు కలిసిపోయారు. పోలీసులు కాల్చారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. పౌరహక్కుల సంఘాలు 60కి పైనే అన్నాయి. 1983లో కట్టిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, మళ్ళీ కట్టారు. దశాబ్దాలపాటు ఏప్రిల్ 20 నాడు అక్కడ పువ్వు పెట్టడానికి కూడా ఆంక్షలే. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి వచ్చి నివాళి అర్పించారు. నివాళి మంచిదే. కానీ ఎంతమంది చనిపోయారన్న లెక్కే ఇంకా ఒకటి కాలేదు. ఏం జరిగిందో ఒప్పుకోకముందే మరిచిపొమ్మంటే, అది క్షమ అడగడం కాదు.

ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోనే దీనికంటే పాత సంగతి ఒకటి ఉంది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీమ్‌ను చంపిన తర్వాత, నిజాం సర్కారు మానవ శాస్త్రవేత్త హైమండార్ఫ్‌ను గోండుల మధ్యకు పంపింది. ఆయన మార్లవాయిలో ఉన్నాడు, మీ భాష నేర్చుకున్నాడు. గోండులకు పట్టాలు వచ్చాయి, గోండి వాచకాలు వచ్చాయి, కేస్లాపూర్ నాగోబా జాతరలో అధికారులు ఫిర్యాదులు వినే దర్బారు మొదలైంది. భీమ్‌ను చంపిన పాపం దానితో పోయిందని అనను. కానీ ఆ సర్కారు మాఫ్ చెయ్యమని అడగలేదు, ముందు వినడానికి మనిషిని పంపింది. ఇంద్రవెల్లి తర్వాత అట్లా ఎవరు వచ్చారో మీ సార్‌ను అడుగు.

దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష నాటి దౌర్జన్యాల మీద 1996 నుంచి డెస్మండ్ టూటూ పెద్దగా కూర్చున్న కమిషన్ ముందు బాధితులు ఊరూరా తమ కథ చెప్పారు. కొట్టినవాళ్ళు, చంపినవాళ్ళు నేరం పూర్తిగా ఒప్పుకుంటేనే ఆమ్నెస్టీకి అర్హులు. అక్కడ కూడా పోలీసుల కస్టడీలో చనిపోయిన స్టీవ్ బీకో ఇంటివాళ్ళు ఒప్పుకోలేదు, మాకు న్యాయం కావాలని కోర్టుకెక్కారు. కోర్టులో ఓడిపోయారు. అయినా క్షమించనందుకు వాళ్ళను ఎవరూ తప్పుపట్టకూడదు.

తాత మాట్లాడడన్నావు. ‘మాఫ్ చేస్తవా’ అని అడిగితే ఆయనకు చెప్పడానికి ఏముంటుంది? ఆ రోజు పొద్దున ఇంట్లో ఏం తిని బయలుదేరిండో, సంతలో ఏం కొనుక్కోవడానికి పోయిండో, వెంట ఎవరున్నరో అడుగు. గోండిలోనే అడుగు, ఫోన్‌లో రికార్డు చెయ్యి, తర్వాత తెలుగులో రాయి. తాతకు ఎనభైకి దగ్గర అంటున్నావు గనక సంక్రాంతి సెలవుల దాకా ఆగకు, ఈ ఆదివారమే కూర్చో. ఆయన ఒప్పుకుంటే నాకు పంపు, ఈ శీర్షిక మొత్తం దానికే ఇస్తాను.